ఉచితమే కానీ తేరగా రాదు: పడవల లెక్కకు ఓపెన్‌ఫోమ్

ముందే చెబుతున్నాను, నీరు, గాలి ఎలా ప్రవహిస్తాయో కంప్యూటర్‌లో లెక్కగట్టే ఓపెన్‌ఫోమ్‌కు నా మార్కులు ఐదుకు మూడున్నర. పైసా తీసుకోని సాఫ్ట్‌వేర్‌కు మార్కులు కోయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. అది డబ్బు తీసుకోదు గానీ రాత్రులు తీసుకుంటుంది, కరెంటు తీసుకుంటుంది, ఓపికనైతే అడిగి మరీ తీసుకుంటుంది. కాబట్టి డబ్బు పోసి కొన్న వస్తువును చూసినట్టే చూస్తాను.

నాది కావలి. ఫైబర్ బోట్ల అచ్చులకు కొలతలు గీసి ఇవ్వడం నా వృత్తి. ఎక్కువగా గీసేది 28 అడుగుల బోటు, అంటే ఎనిమిదిన్నర మీటర్లు. బోటు, మనుషులు, వలలు, ఐసు, ఇంజిను, తిరుగు ప్రయాణంలో చేప, అన్నీ కలిపి రెండు టన్నులు వేసుకుంటాను. నిండు బరువుతో సెకనుకు 4 మీటర్ల వేగం, అంటే గంటకు 14 కిలోమీటర్ల పైచిలుకు అందితే మంచి నడకే. అచ్చు ఒకసారి తయారయ్యాక దాన్ని మార్చడమంటే కొత్తది చేసుకోవడమే. అందుకే బోటు నీటిలో దిగకముందే దాని చుట్టూ అలలు ఎలా లేస్తాయో, అడుగున నీరు ఎంత బలంతో నెడుతుందో తెలిస్తే నాకు చాలా లాభం.

ఈసారి లెక్కకు కారణం జువ్వలదిన్నె వైపు బోటు యజమాని ఒకాయన. అడుగున రెక్క తగిలించుకుని నీటిపైకి లేచి దూసుకుపోయే బోటు వీడియో ఫోనులో చూపించి, "సార్, మన బోటుకు కూడా ఇలాంటిది పెడితే ఆయిలు మిగులుతుందా?" అన్నాడు. మంచి ప్రశ్న. నీటి ఉపరితలానికి దగ్గరగా ఉన్న రెక్క మీద లిఫ్ట్ (పైకెత్తే బలం) ఎంత, అది లేపే అల ఎంత అన్నది నూరేళ్లకు పైగా పెద్ద పెద్ద తలలు పట్టుకున్న విషయం. ఇటలీలో ఫొర్లానీని అనే ఇంజనీరు 1906లోనే ఒక సరస్సు మీద రెక్కల పడవను నడిపాడు. 1919లో గ్రాహంబెల్ బృందం పడవ గంటకు 70 మైళ్లు దాటింది.

మొదట సొంతంగా చేద్దామనుకోలేదు. ఇలాంటి లెక్కలు వేసిపెట్టే ఒక సంస్థకు డబ్బు కట్టాం. పేరు అనవసరం. ఎరుపు, పసుపు, నీలం కలిసిన అందమైన బొమ్మలు వచ్చాయి. మెష్ (లెక్క కోసం నీటిని కోసే గళ్లు) ఎంత సన్నగా తీసుకున్నారు, నీటి అడుగు ఎంత లోతులో పెట్టారు అని అడిగితే మరో రెండు బొమ్మలు వచ్చాయి. బొమ్మలతో అచ్చు చేయలేం కదా. అప్పుడే ఓపెన్‌ఫోమ్ దించుకున్నాను.

దాని దాకా పోయే ముందు పెన్సిల్ లెక్క ఒకటి వేయాలి. చాలామంది దీన్ని ఎగ్గొట్టి నేరుగా కంప్యూటర్ ముందు కూర్చుంటారు. సెకనుకు 4 మీటర్ల వేగంలో ఉప్పునీటి గతిజ పీడనం (వేగం వల్ల పుట్టేది) చదరపు మీటరుకు సుమారు 8,200 న్యూటన్లు. రెక్క లిఫ్ట్ గుణకం, అంటే ఆ పీడనంలో లిఫ్ట్‌గా మారే వంతు, 0.5 అనుకుంటే రెండు టన్నులను పూర్తిగా పైకెత్తడానికి 4.8 చదరపు మీటర్ల రెక్క కావాలి. 30 సెంటీమీటర్ల వెడల్పుతో చేస్తే దాని పొడవు 16 మీటర్లు. బోటేమో ఎనిమిదిన్నర! అదే వేగం సెకనుకు 10 మీటర్లు అయితే ముప్పాతిక చదరపు మీటరు సరిపోతుంది. లిఫ్ట్ వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి వీడియోలో బోటు ఎగురుతుంది, మనది ఎగరదు. దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, రసీదు పుస్తకం వెనుక కాగితం చాలు.

మరి సాఫ్ట్‌వేర్ దేనికి? బోటును పూర్తిగా ఎత్తలేకపోయినా, వెనుక భాగాన్ని కాస్త ఎత్తే చిన్న రెక్క పనికొస్తుందా అన్నది రెండో ప్రశ్న. అక్కడ పెన్సిల్ తడబడుతుంది. రెక్క నీటి ఉపరితలానికి దగ్గరయ్యేకొద్దీ లిఫ్ట్ తగ్గుతుంది. నేల దగ్గర ఎగిరే విమానం రెక్కకు జరిగేదానికి ఇది తలకిందులు. నేల గట్టిది, గాలిని అదిమి పట్టి ఆసరా ఇస్తుంది. నీటి ఉపరితలం లొంగిపోతుంది. రెక్కను ఒక్క సుడిగా, ఉపరితలానికి అవతల అదే దిశలో తిరిగే ప్రతిబింబపు సుడిగా ఊహించి నేను వేసుకున్న మోటు లెక్క ఇది: వేగం బాగా ఎక్కువగా ఉన్నప్పుడు, రెక్క వెడల్పంత లోతులో లిఫ్ట్ ఆరు శాతం తగ్గుతుంది, అందులో సగం లోతుకు వస్తే ఆరోవంతు, పావు లోతుకు వస్తే మూడోవంతు, పూర్తిగా పైకి వస్తే సగమే మిగులుతుంది. సోవియట్ నదుల మీద 1957 నుంచి తిరిగిన రాకెతా పడవలు ఈ గుణాన్నే వాడుకున్నాయి. పడవ ఎక్కువ లేస్తే రెక్క పైకి వచ్చి లిఫ్ట్ పడిపోతుంది, పడవ దానంతటదే కిందికి దిగుతుంది. బ్యాలన్సు చేయడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. నాకు ఈ విషయంలో ఇంతకంటే నచ్చిన సంగతి లేదు.

ఇక ఓపెన్‌ఫోమ్ సంగతి. దీని మూలం లండన్ ఇంపీరియల్ కాలేజీలో పుట్టిన ఫోమ్ అనే ప్రోగ్రాము. 2004లో మూలకోడ్‌తో సహా అందరికీ ఉచితం చేశారు. నీరు, గాలి రెండూ కలిసిన ప్రవాహానికి అందులో ఇంటర్‌ఫోమ్ అనే సాల్వర్ (లెక్క కట్టే భాగం) ఉంది. అది చేసే పని చెప్పుకోవడానికి సులువే. మొత్తం స్థలాన్ని చిన్న చిన్న గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలో ఎంత భాగం నీరో సున్నా నుంచి ఒకటి లోపు సంఖ్యగా దాచుకుంటుంది. ఒకటంటే నీరు, సున్నా అంటే గాలి, మధ్యలో ఉంటే అదే ఉపరితలం. ఈ పద్ధతిని 1981లో హర్ట్, నికల్స్ అనే ఇద్దరు ప్రచురించారు. అల విరిగినా, నురగ లేచినా, నీరు తెగి తుంపర్లయినా ఈ పద్ధతి ఆగిపోదు. పాత పద్ధతుల్లో అల విరిగిందంటే లెక్క అక్కడితో ఆఖరు.

దించుకోవడంలోనే తొలి తిరకాసు ఉంది. ఓపెన్‌ఫోమ్ ఒకటి కాదు, రెండు. డాట్ ఆర్గ్ వారిది ఒక శాఖ, డాట్ కామ్ వారిది ఇంకో శాఖ. డాట్ కామ్ శాఖ ఏటా జూన్‌లో, డిసెంబరులో కొత్త వెర్షన్ ఇస్తుంది; వి2406 అంటే 2024 జూన్‌ది. డాట్ ఆర్గ్ వారు 2023లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి పద్ధతే మార్చి, ఇంటర్‌ఫోమ్ బదులు ఫోమ్‌రన్ అనే ఒకే ఆదేశం కింద అన్నిటినీ చేర్చారు. ఒక శాఖకు రాసిన పాఠం ఇంకో శాఖలో నడవదు. ఈ ఒక్క ముక్క మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసి ఉంటే ఎంతమంది కొత్తవారి రాత్రులు మిగిలేవో. ఒక అరమార్కు ఇక్కడే కోశాను. నాది డాట్ కామ్ శాఖ, ఉబుంటు మీద. విండోస్ వాళ్లు అందులోనే లినక్స్ పెట్టుకుని నడుపుకోవచ్చు.

నొక్కడానికి బటన్లు ఉండవు. ఒక ఫోల్డరు, అందులో సున్నా, కాన్‌స్టెంట్, సిస్టమ్ అనే మూడు ఫోల్డర్లు, వాటి నిండా టెక్స్ట్ ఫైళ్లు. ఎక్కడో ఒక సెమికోలన్ జారితే ఎర్రటి తిట్టు ఒకటి తెర మీద పడుతుంది. అలవాటు పడ్డాక మాత్రం నాకు ఇదే మేలనిపించింది. ఏ సంఖ్య ఎక్కడుందో కళ్లెదుట ఉంటుంది. ఆ రంగుల బొమ్మల సంస్థ చెప్పని ప్రతి వివరమూ ఇక్కడ నా చేతిరాతలోనే ఉంది.

పడవ పని మీద వచ్చినవారు డీటీసీ హల్ అనే పాఠంతో మొదలుపెట్టాలి. అది సాఫ్ట్‌వేర్‌తో పాటే వస్తుంది. 355 మీటర్ల కంటైనర్ ఓడ తాలూకు ఆరు మీటర్ల నమూనా సెకనుకు 1.668 మీటర్ల వేగంతో పోతుంటుంది. జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్ ఎసెన్ విశ్వవిద్యాలయం వారు అందరూ పోల్చుకోవడానికి బయటపెట్టిన ఆకారం అది. దాన్ని ఏమీ మార్చకుండా ఒకసారి నడిపి, తర్వాత ఓడ తీసి మన బోటు పెట్టాలి. రెక్కల మీద పని ఉన్నవారికి డంకన్ 1983లో ప్రచురించిన ప్రయోగం ఉంది: 20.3 సెంటీమీటర్ల వెడల్పు రెక్క, ఐదు డిగ్రీల వాలు, సెకనుకు 0.8 మీటర్లు. దాని వెనుక లేచే అల పొడవు 41 సెంటీమీటర్ల చుట్టూ రావాలి. అది రాకుండా సొంత రెక్క జోలికి పోవద్దు.

నా రెక్కను నిలువు కోతగానే, అంటే పొడవు పట్టించుకోకుండా నడిపాను. వెడల్పు 30 సెంటీమీటర్లు, వేగం సెకనుకు 4 మీటర్లు. ఈ వేగంలో వెంట నడిచే అల పొడవు పది మీటర్ల పావు. అంత అల మూడు నాలుగు పూర్తిగా కనబడాలంటే ఒక్క అడుగు రెక్క కోసం నలభై మీటర్ల నీటిని గళ్లుగా కోయాలి. చివర గోడకు తగిలి అల వెనక్కి తిరగకుండా దాన్ని అణిచే భాగం ఒకటి అదనం. ఇవన్నీ అమరితే మాత్రం తెర మీద వచ్చేది చూడముచ్చటగా ఉంటుంది. ఫలితాలను బొమ్మగా చూపే పారావ్యూలో నీటి భాగం 0.5 ఉన్న గీతను గీయించాను. రెక్క మీదుగా నీరు కొంచెం ఉబ్బి, వెంటనే కుంగి, అక్కడి నుంచి వరుసగా అలలు. శిఖరం సగటు మట్టానికి 12 సెంటీమీటర్లు పైన ఉంది.

ఇక్కడ తప్పక చేయాల్సిన తనిఖీ ఒకటుంది. లోతైన నీటిలో ఇలాంటి అల మోసుకుపోయే నిరోధం, నీటి సాంద్రతను గురుత్వంతోనూ సగటు మట్టం నుంచి శిఖరం ఎత్తు వర్గంతోనూ గుణించి నాలుగో వంతు చేస్తే వస్తుంది. 12 సెంటీమీటర్లకు రెక్క పొడవులో ప్రతి మీటరుకూ 36 న్యూటన్లు. ఓపెన్‌ఫోమ్ బలాల ఫైలులో పీడనం వల్ల వచ్చిన నిరోధం విడిగా, నీటి రాపిడి వల్ల వచ్చింది విడిగా రాస్తుంది. పీడనం వరుస ఈ 36 దగ్గరికి వచ్చి, కాస్త పైన నిలబడింది. అల ఎత్తును స్కేలు పెట్టి కొలిచి, ఫైలులో సంఖ్యతో సరిచూసుకోగలగడం, రెండు వేరు దారుల్లో ఒకే జవాబు రావడం, దీనికే నేను పూర్తి మార్కులు ఇస్తాను. నిలువు బలం చూసేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. అందులో నీరు మామూలుగా తేల్చే బలం కూడా కలిసి ఉంటుంది. రెక్క ఘనపరిమాణానికి సరిపడా దాన్ని తీసేస్తేనే మిగిలేది అసలు లిఫ్ట్.

రెక్కను ఏడున్నర సెంటీమీటర్ల లోతుకు తెచ్చేసరికి కథ మారింది. దాని వెనుకే అల విరగడం మొదలై, లిఫ్ట్ సంఖ్య ఒక చోట నిలవకుండా ఊగింది. సగటు తీస్తే పెన్సిల్ చెప్పిన మూడోవంతు కంటే ఎక్కువే తగ్గింది. మన బోటు మునక మహా అయితే అడుగున్నర. సముద్రం కాస్త కదిలితే వెనుక రెక్క పైకీ కిందికీ ఆడుతూనే ఉంటుంది. అంటే లిఫ్ట్ మీద భరోసా లేదు.

ఈ సంఖ్యలన్నీ తీసుకుని వెళితే, యజమానితో పాటు ఉన్న పెద్దాయన ఒకాయన కాగితం వైపు చూడకుండానే, "బోటును ఒడ్డుకు లాగేటప్పుడు ఆ రెక్క ఇసుకలో దిగబడదా? వల చుట్టుకోదా?" అన్నాడు. తుమ్మలపెంట దగ్గర ఇసుక మీదికి బోటు లాగడం చూసినవారెవరికైనా తట్టాల్సిన మాట. ఓపెన్‌ఫోమ్‌లో దానికి ఫైలు లేదు. రెక్క ఆలోచన అక్కడితో అయిపోయింది. ఎగిరే బోటు కోసం యజమాని కాస్త నొచ్చుకున్నాడు.

అయితే బోటు లెక్క మాత్రం నేను వదల్లేదు. ఎందుకంటే అసలు ఇబ్బంది రెక్క లేకపోవడం కాదు. బోటు తాను లేపిన అల పొడవు పది మీటర్ల పైన, తన పొడవు ఎనిమిదిన్నర. ముందు భాగం ఒక శిఖరం మీద ఉంటే వెనుక భాగం పల్లంలో కూర్చుంటుంది. ఎంత ఇంజిను పెట్టినా బోటు తన అలనే ఎక్కుతూ ఉంటుంది. వెనుక అంచు కింద వాలుగా ఒక సన్నటి వెడ్జ్ (చీలిక లాంటి ముక్క) అతికిస్తే, అక్కడ పీడనం పెరిగి వెనుక భాగం కొంచెం లేస్తుంది, ముక్కు దిగుతుంది. ఇది కొత్తదేమీ కాదు, పెద్ద ఓడలకూ చేస్తారు. మన బోటుకు ఎంత కోణం అన్నదే తేలాలి.

ఇక్కడే ఓపెన్‌ఫోమ్ నా తలప్రాణం తోకకు తెచ్చింది. బోటు రెండు వైపులా ఒకటే కాబట్టి సగమే కోసి నడపవచ్చు, బలాలు మాత్రం రెట్టింపు చేసుకోవాలి. ఆ సగానికే ఇరవై లక్షల గళ్లయ్యాయి. అలలు అరిగిపోకుండా ఉండాలంటే అల ఎత్తులో పదిహేను, ఇరవై గళ్లు, పొడవులో ఎనభై, వంద గళ్లు ఉండాలన్నది ఈ పని చేసేవారి వాడుక. నేను బోటు దగ్గర ఆ మాట నిలబెట్టాను గానీ వెనుక భాగంలో పిసినారితనం చేశాను, యంత్రం మోయలేక. దాంతో బోటు దగ్గర చక్కగా లేచిన అల రెండు బోట్ల దూరం పోయేసరికి చదునైపోయింది. బోటు వెనుక విప్పారే అలల విసనకర్ర నడి గీతకు ఒక్కో పక్క పందొమ్మిదిన్నర డిగ్రీలు తెరుచుకోవాలి. లార్డ్ కెల్విన్ 1887లోనే చెప్పిన కోణం ఇది, లోతైన నీటిలో బోటు చిన్నదైనా పెద్దదైనా అంతే. కోణం సరిగ్గానే వచ్చింది, తోకే లేదు. బోటు మీద బలాలకు ఆ తోకతో పెద్ద పని లేదు కాబట్టి సర్దుకున్నాను.

సర్దుకోలేనిది ఇంకొకటి. బోటు అడుగును నీటి భాగం సంఖ్యతో రంగు వేసి చూడండి. పూర్తిగా ఒకటి ఉండాల్సిన చోట, ముక్కు నుంచి వెనక్కి సన్నటి చారలుగా 0.9, 0.8 కనబడతాయి. ముక్కు దగ్గర ఉపరితలం పలుచగా అలుక్కుపోయి, గాలి అడుగు కిందికి జారిపోతుంది. నిజం బోటుకు ఆ గాలి లేదు, లెక్కలోనే ఉంది. దాంతో రాపిడి ఉన్నదానికంటే తక్కువ కనబడి, మన డిజైను బ్రహ్మాండమని మురిసిపోతాం. అందమైన బొమ్మలు పంపేవారు ఈ బొమ్మ ఒక్కటీ పంపరు. అడిగి తీసుకోండి.

ఇక అసలు దెబ్బ. వెడ్జ్ లేకుండా ఒకసారి, వెడ్జ్‌తో ఒకసారి నడిపితే నిరోధంలో తేడా కనబడింది. సంతోషించే ముందు అదే బోటును ఇంకాస్త సన్నటి గళ్లతో నడిపాను. గళ్లు మార్చినందుకు వచ్చిన తేడా వెడ్జ్ వల్ల వచ్చిన తేడా కంటే పెద్దది! అంటే మొదటి జవాబుకు విలువ లేదు. ఇంకో మెట్టు సన్నగా కోసి, రెండు బోట్లకూ గళ్లు ఒకే తీరులో ఉండేలా చూసుకున్నాకే వెడ్జ్ మేలు చేస్తోందని నమ్మకం కుదిరింది. ఎంత మేలో శాతాల్లో చెప్పమంటే చెప్పను. దిశ నమ్ముతాను, సంఖ్యను నమ్మను. మిగిలిన ఒక మార్కు ఇందుకే కోశాను. ఇది అన్ని ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లకూ ఉన్న జబ్బే, ఓపెన్‌ఫోమ్ ఒక్కదాని పాపం కాదు. కానీ తప్పు జవాబును కూడా సరైనదాని అంత నిబ్బరంగా ఇస్తుంది. హెచ్చరించదు.

మెచ్చుకోవలసిన చిన్న సంగతి ఒకటుంది, మన ఊళ్లలో మరీ ముఖ్యం. కరెంటు పోయి యంత్రం ఆగిపోయినా, చివర దాచుకున్న చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టమని ఒక్క మాట రాస్తే అక్కడి నుంచే ఎత్తుకుంటుంది. పాత ఫలితాలను చెరిపేస్తూ కడపటి రెండు మూడే ఉంచమని చెప్పవచ్చు. లేకపోతే డిస్కు తెల్లారేసరికి నిండిపోతుంది. నాది పదహారు కోర్ల పాత సర్వరు, 32 జీబీ ర్యామ్. రోజంతా తిరిగితే ఆరు యూనిట్లు కాలుతుంది. పది లక్షల గళ్లకు ఒకటి, రెండు జీబీ ర్యామ్ వేసుకుంటే లెక్క తప్పదు.

లోతు తక్కువ నీటిలో మాత్రం ఓపెన్‌ఫోమ్‌కు సాటి లేదు. అడుగు గీతను పైకి జరిపితే చాలు. నీరు 1.6 మీటర్లే ఉన్నచోట అల పరిగెత్తగల గరిష్ఠ వేగం సెకనుకు 4 మీటర్లే, సరిగ్గా మన బోటు వేగం. బకింగ్‌హాం కాలువలోనో, ముఖద్వారం ఇసుక మేట మీదో బోటు హఠాత్తుగా బరువెక్కి వెనుక కూర్చున్నట్టు అనిపించడానికి కారణం అదే. తెర మీద అలలు వెనక్కి విప్పారకుండా ముక్కు ముందు అడ్డంగా గుట్టగా పేరుకోవడం చూశాను. యజమాని దాన్ని గుర్తుపట్టి, "అవునవును, ఏట్లో ఇట్లాగే బరువెక్కుతుంది" అన్నాడు.

మీ వస్తువు కదలకుండా తేలేదైతే, అంటే లంగరు వేసిన తెప్ప, చేపల పంజరం, తేలే పంపు వేదిక లాంటివైతే, ఓపెన్‌ఫోమ్ దండగ. కాపిటైన్ అనే ఇంకో ఉచిత సాధనం ఉంది. ఫ్రాన్స్‌లో నాంత్ నగరం వారి నెమో అనే ప్రోగ్రాము ఆధారంగా పైథాన్ భాషలో చేశారు. అది నీటినంతా కోయదు, వస్తువు చర్మాన్ని మాత్రమే పలకలుగా కోస్తుంది. అందుకే మామూలు ల్యాప్‌టాప్ మీద నిమిషాల్లో జవాబు. అలలు చిన్నవి, నీటికి జిగట లేదు, ఏదీ విరగదు అని అనుకుంటుంది కాబట్టి తుపాను లెక్కలు అడగకూడదు. సన్నటి పడవ నిరోధం మాత్రమే కావాలంటే మెల్‌బోర్న్ గణితవేత్త మిచెల్ 1898లో ఇచ్చిన సమాకలనమే ఇప్పటికీ చెల్లుతుంది, స్ప్రెడ్‌షీట్‌లో పట్టించవచ్చు. మన బోటు బాగా వెడల్పు, వెనుక పలక చదును. దానికది కుదరదు.

వెడ్జ్‌ను అచ్చులో కలపలేదు. విడి ముక్కగా ఫైబర్‌లోనే చేయించి, కోణం మార్చుకునేలా బోల్టులతో బిగించమన్నాను. మేస్త్రీకి మూడు కోణాలు గీసి ఇచ్చాను. మొదటిది బిగించి ఉంది. యజమాని ముక్కు దిగిందని ఒప్పుకున్నాడు, ఆయిలు సంగతి సీజను పోయాక చూద్దామన్నాడు. ఆ లోపు మిగతా రెండు కోణాలకు ఇంకా సన్నటి మెష్ నడవాలి. అందుకు ర్యామ్ 64 జీబీకి పెంచుతున్నాను. ఎవరి దగ్గరైనా పాత సర్వరుకు సరిపోయే ఈసీసీ (తప్పులను తానే దిద్దుకునే) ర్యామ్ ఉంటే చెప్పండి, కొనుక్కుంటాను.